నేను కుట్టిన ఒర

జూన్ 7, ఆదివారం

పొద్దున్నే మామగారి గదిలో ఆయన పోగేసిన మడత చాకులు తుడిచే పని, ఎప్పటిలాగే. ఎప్పటిలాగే అని రాశాను గానీ ఈ రోజు ముగ్గురం కూర్చున్నాం. పదకొండేళ్ళుగా మేమిద్దరమే.

ముందు మంచి సంగతి రాస్తాను. వీధి మలుపులోని క్షౌరశాల ఆయన తన రెండు బ్లేడ్ల మడత చాకు పట్టుకొచ్చాడు. పోయిన వానాకాలమంతా దాన్ని తోలు ఒరలో పెట్టి అలమరలో దాచాడట, భద్రంగా ఉంటుందని. ఇప్పుడు తెరుద్దామంటే రాదు. మామగారు పట్టకారుతో లాగి తెరిస్తే లోపలంతా ఎర్రగా తుప్పు. ఆయన అతన్నేమీ అనలేదు, చాకు వంక చూసి "పాపం" అన్నారు. ఆయన నోట అంతకన్నా పెద్ద తిట్టు లేదు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు, పెద్దమ్మాయ్" అన్నారు.

చెప్పాను. తోలు చెమ్మ తాగుతుంది, తాగింది ఒక పట్టాన వదలదు. పచ్చి తోలుని పదును చేసినప్పటి మందులు కూడా అందులోనే ఉంటాయి. జేబులో తిరిగేటప్పుడు తోలు, ఇంటికి రాగానే నూనె గుడ్డ. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి నెలలో మామగారు నేర్పిన మాట ఇది. పొద్దస్తమానం కార్ఖానాలో తోలు కోసి సంచులు కుట్టేదాన్ని కదా, నేను చెప్తే ఎవరైనా వింటారు. అతను బుద్ధిమంతుడిలా తలూపి వెళ్ళాడు.

అతను వెళ్ళాక మేడమీంచి చిలక దిగింది. మా మరిది భార్య. పెళ్ళై ఏడు నెలలైంది, నోరు మూసింది ఎప్పుడో నాకు తెలీదు. అందుకే ఈ డైరీలో మాత్రం దాని పేరు చిలక. కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పని. "మామయ్యా, మీకొకటి చూపిస్తా" అంటూ గుప్పిట విప్పింది. పోయిన వారం మామగారి సొరుగులోంచి అడిగి తీసుకెళ్ళిన పాత చాకు. బ్లేడు అద్దంలా మెరుస్తోంది. పళ్ళు మెరుగుపెట్టే యంత్రం మీద పెట్టిందట. ముప్పై ఏళ్ళ వాడకంతో ఉక్కు మీద పట్టిన ఆ నీలం బూడిద రంగు అంతా తుడిచిపెట్టుకుపోయింది.

నేను వెంటనే మామగారి వంక చూశాను. ఎందుకంటే పదకొండేళ్ళ కిందట నేనూ ఇదే పని చేశాను, ఇసుక కాగితంతో. మామగారు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. "అది ఉక్కు సంపాదించుకున్న రంగు, తీసెయ్యడానికి నువ్వెవరు?" అన్నారు మూడోరోజున.

ఈ రోజు ఏమన్నారో తెలుసా? చాకు ముఖానికి ఎదురుగా పట్టుకుని, "గడ్డం గీసుకోవచ్చు దీంట్లో చూసి" అని నవ్వారు.

నవ్వారు.

జూన్ 10

ఆయన ముసలివారైపోయారు, అంతే. మెతకబడ్డారు. చిలక గొప్పేమీ లేదు.

జూన్ 14, ఆదివారం

కొమ్ము పిడి చాకు స్ప్రింగు వదులైపోయి రెండేళ్ళుగా మూలన పడి ఉంది. మూసేటప్పుడు టక్ అనకుండా నీరసంగా పడుకునేది. నేను నాలుగు విధాల ప్రయత్నించి వదిలేశాను. చిలక దాన్ని పళ్ళ పనిముట్లతో విప్పి, పిన్ను మార్చి, మళ్ళీ బిగించి తెచ్చింది. టక్ మంది. మామగారు కళ్ళు మూసుకుని ఏడెనిమిది సార్లు తెరిచీ మూసీ విన్నారు.

"చూశావా పెద్దమ్మాయ్, చిన్నదాని చేతిలో ఏముందో" అన్నారు నాతో. నాతో అనడం దేనికి?

"అక్కా, మీ చాకులు కూడా ఇవ్వండి, సరిచేస్తా" అంది అది. నా తొమ్మిది చాకులకీ ఏ జబ్బూ లేదని చెప్పాను.

జూన్ 21, ఆదివారం

రాయాలా వద్దా అని ఆలోచిస్తూ గంట కూర్చున్నాను. రాస్తాను.

మామగారి జేబు చాకు. ఆ సొరుగులో ముప్పై ఒకటి ఉంటే ఉండనీ, ఇది వేరు. టెలిఫోన్ లైన్‌మన్‌గా ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఆయన జేబులో ఉన్న మూడు బ్లేడ్లది. నలభై రెండేళ్ళు. వైర్ల పైతొక్క తీసి తీసి పెద్ద బ్లేడు నడుము సన్నబడింది. స్తంభం మీంచి పడ్డ రోజున పిడి మూల చిన్న ముక్క ఊడింది. ఆయన కాలు విరిగింది, చాకు మూల విరిగింది, ఇద్దరం సమానం అని నవ్వుతూ చెప్పేవారు. ఆరు నెలలుగా చేతులు వణుకుతున్నాయి, తెరవడం కష్టమవుతోంది. ఆదివారాలు దాన్ని నా చేతికిచ్చి, కీలు దగ్గర చుక్క నూనె వెయ్యమనేవారు. ఇంకెవరి చేతికీ ఇచ్చేవారు కాదు. నేను నోరు తెరిచి అడగలేదు. అడగాల్సిన పని లేదనుకున్నాను.

ఈ రోజు అందరి ముందూ, మా ఆయన, మరిది, నేను చూస్తుండగా, జేబులోంచి తీసి చిలక చేతిలో పెట్టారు. "ఇది నీ దగ్గర ఉండనీ అమ్మా" అన్నారు.

చిలక నన్ను చూసింది. చప్పున తల దించుకుంది. గర్వం దాచుకోవడం కూడా రాదు దానికి.

నేను వెళ్ళి కాఫీ పెట్టాను. నాలుగు కప్పుల్లో పంచదార వేశానో లేదో గుర్తులేదు. ఎవరూ అడగలేదు గనక వేసే ఉంటాను.

జూన్ 22

ఏమీ లేదు రాయడానికి.

జూన్ 25

ఈయనతో చెప్పాను. బస్ డిపోలో రోజంతా జనం గొడవలు విని వచ్చే మనిషి, ఇంట్లో గొడవ వినడానికి ఓపిక ఉండదు.

"చాకే కదా. కూరలు తరగడానికి నీకింకా తొమ్మిది ఉన్నాయి" అన్నారు.

"వాటితో కూరలు తరగను."

"అదే నేననేది. తరగని చాకు కోసం ఏడుపెందుకు?"

ఏడవలేదు నేను. కళ్ళలో తోలు రంగు పడింది ఈ రోజు కార్ఖానాలో.

జూలై 3

మామగారు ఆడపడుచు ఇంటికి వెళ్ళారు, పది రోజులు ఉంటారు.

నేను సాయంత్రం కూర్చుని ఆ చాకుకి ఒర కుట్టాను. కొలతలు చూడక్కర్లేదు, నా చేతికే తెలుసు. పైన మూత, ఇత్తడి గుండీ, అంచుల వెంట రెండు వరసల కుట్టు. తోలు కార్ఖానా మూలన ఉన్న కొత్త కట్టలోంచి కోశాను. ఇంకా పచ్చి వాసన వస్తోంది, ఆరడానికి నెల పడుతుందని మేస్త్రి అన్నాడు. కానీ రంగు ఎంత బాగుందో, ముదురు బెల్లం రంగు. రంగు చూసే తీసుకున్నాను.

కడుపులో ఏమీ పెట్టుకోలేదని అందరికీ తెలియాలి కదా. పెద్దదాన్ని, నేనే ముందడుగు వెయ్యాలి.

జూలై 5, ఆదివారం

మేడమీదికి వెళ్ళి ఒర ఇచ్చాను. మరిది "వదినా, ఇది కొట్లో దొరకదు" అన్నాడు. ఈయన కూడా నన్ను మెచ్చుకోలుగా చూశారు, అలా చూసి ఎన్నాళ్ళయిందో. చిలకకి మాట రాలేదు. నిజంగా. రెండు నిమిషాలు మాట రాలేదు దానికి.

తర్వాత, "ఎంత బాగుందక్కా. రోజూ జేబులో వేసుకుంటే నలిగిపోతుంది, దాచి ఉంచుతా" అంది.

"దాచుకో" అన్నాను.

నూనె గుడ్డ సంగతి చెబుదామనుకున్నాను. అంతలో మరిది ఫోన్ మోగింది.

జూలై 6

ఫోన్ మరిదిది. నాది కాదు. అయినా మాట మధ్యలో తెగిపోయింది. రేపు చెప్తాను.

జూలై 9

చాకులంటే అంత ప్రాణమైన మనిషికి ఆ మాత్రం తెలీకుండా ఉంటుందా? చెప్తే, నాకు తెలీదనుకున్నారా అక్కా అంటుంది. దానిచేత మాట పడటం దేనికి?

జూలై 14, మంగళవారం

మామగారు తిరిగి వచ్చారు. రాగానే, "చిన్నదానికి ఒర కుట్టిచ్చావటగా, ఫోన్లో గంట చెప్పింది" అన్నారు. ఆ మొహంలో అంత వెలుగు ఈ మధ్య చూడలేదు. నా తల మీద చెయ్యి పెట్టారు.

"తోలు సంగతి చెప్పావుగా దానికి?"

తల ఊపాను. మాటతో చెప్పలేదు, తల ఊపానంతే. ఆయన చెప్పులు విప్పుకుంటూ సగం కిందికి చూస్తున్నారు. ఊపానని అనుకున్నారో, మెడ తిప్పాననుకున్నారో.

జూలై 26, ఆదివారం

మోకాళ్ళ నొప్పులని వాకిట్లో పేపరు తీసుకోవడానికి కూడా లేవని మనిషి, పదహారు మెట్లెక్కి చిలక దగ్గరికి వెళ్ళారు. నేను లెక్కపెట్టాను, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఆగి ఎక్కారు. నలభై నిమిషాలున్నారు. నేను ఏదో అడిగే వంకతో వెళ్తే ఇద్దరూ మాటలు ఆపేశారు. బల్ల మీద పాత గుడ్డ, దాని కింద ఏదో ఉంది.

"చాకు ఏది, కనబడదే జేబులో?" అన్నాను చిలకతో.

"ఉందక్కా, ఉంది" అని నవ్వి మామగారి వంక చూసింది. ఆయనా నవ్వారు. పదకొండేళ్ళు ఆయన చాకులకి నూనె వేసినదాన్ని నేను. నా ముందు వాళ్ళిద్దరికీ గుట్టు.

ఒళ్ళు మండిపోయింది. అలా అని రాయడానికి నాకేం సిగ్గు లేదు, ఇది నా డైరీ.

ఆగస్టు 2

చిలక దిగి వచ్చి మెత్తటి మైనపు ముద్ద చేతిలో పెట్టి, "గట్టిగా పట్టుకోండక్కా, చాకు పట్టుకున్నట్టు. బొటనవేలు ఇక్కడ" అంది. ల్యాబుకి కొత్త మైనం వచ్చిందట, ఎలా దిగుతుందో చూడాలట. పట్టుకున్నాను. నా వేళ్ళ గుర్తులున్న ముద్దని బిడ్డని ఎత్తుకున్నట్టు తీసుకుపోయింది. పిచ్చిది.

ఆగస్టు 12

మంచి కబురు. రెండేళ్ళుగా వెతుకుతుంటే డిపో ఎదురుగా ఉన్న గది నాకు దొరికింది. కార్ఖానా మానేసి అక్టోబరులో సొంతంగా సంచుల దుకాణం పెడుతున్నాను. ఒక కుట్టు మిషను, రెండు బల్లలు, వీధిలోకి ఒక కిటికీ. మామగారితో చెప్తే, "ఇక ఆలస్యం లేదన్నమాట" అని తనలో తాను అనుకున్నారు. దేనికి ఆలస్యం అని అడిగితే, నీ పనికే అన్నారు.

ఆ మనిషి చేత ఆ చాకు నా దుకాణం బల్ల మీద పెట్టించుకోవాలని ఉండేది నాకు. తోలు అంచులు చెక్కడానికి దాని చిన్న బ్లేడుని మించినది లేదు. ఇప్పుడది పళ్ళు చేసేదాని దగ్గర ఉంది.

ఆగస్టు 19

వాన. చెప్పాలి. చెప్తాను.

ఆగస్టు 30, ఆదివారం

నిజంగానే చెబుదామని మెట్లెక్కాను. సాక్షులెవరూ లేరు, ఈ కాగితమే. పై మెట్టు దాకా వెళ్ళాను. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల మామగారు చాకు తెరుస్తూ మూస్తూ ఉన్నారు. టక్. టక్. "నీ చెయ్యి బంగారమే చిన్నమ్మాయ్" అన్నారు. నా చేతిని ఆయన ఎప్పుడూ బంగారమనలేదు. మంచి చెయ్యి అన్నారు ఒకసారి.

"ఇక దాచెయ్, ఎవరికీ కనబడకూడదు" అన్నారు తర్వాత.

మామగారు వాన చూస్తూ కిటికీ వైపు తిరిగారు. ఆయన వెనక చిలక చాకుని నా ఒరలో పెట్టి, గుండీ నొక్కి, బీరువా కింది అరలో చీరల అడుగున దాచింది. ఆ బీరువా ఆనుకున్న గోడకి చెమ్మ దిగుతోంది, సున్నం ఉబ్బి ఉంది. నేను చూశాను.

దిగి వచ్చేశాను. బట్టలు తడిసిపోతున్నాయి, తియ్యాలి.

సెప్టెంబర్ 9

తొమ్మిది రోజులుగా ఒకటే వాన. నా తొమ్మిది చాకులూ రోజు మార్చి రోజు తుడుస్తున్నాను.

సెప్టెంబర్ 17

ఇప్పుడు చెప్తే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. ఆ ప్రశ్నకి జవాబు దొరికాక చెప్తాను.

అసలు నేను చెప్పే ఉంటాను. ఒర ఇచ్చిన రోజున ఏవేవో చాలా మాట్లాడుకున్నాం.

సెప్టెంబర్ 18

చెప్పలేదు.

అక్టోబర్ 4, ఆదివారం

దుకాణం తెరిచాను. బోర్డు కొంచెం వంకరగా ఉంది, ఈయన కట్టారు గనక ఎవరూ ఏమీ అనలేదు. కార్ఖానా వాళ్ళు, క్షౌరశాల ఆయన వచ్చి వెళ్ళారు. చివరికి ఇంటివాళ్ళం ఐదుగురం మిగిలాం.

మామగారు కుర్చీలోంచి లేచారు. "ఇటివ్వు చిన్నమ్మాయ్" అన్నారు. చిలక సంచిలోంచి అట్టపెట్టె తీసింది. పెట్టెలో నా ఒర. ముదురు బెల్లం రంగు, రెండు వరసల కుట్టు. బల్ల పట్టుకున్నాను.

"మొదట్నుంచీ ఇది నీదే" అన్నారు మామగారు. "పిడి మూల విరిగి ఉంది కదా, అలాగే ఎలా ఇస్తాను? బాగుచెయ్యమని దీనికిచ్చాను. దుకాణం పెట్టే రోజు దాకా నీకు తెలీకూడదని ఇద్దరం నాటకం ఆడాం. నువ్వు పోట్లాడతావనుకున్నా. అడిగితే ఆ రోజే చెప్పేసేవాణ్ణి. నువ్వు అడగలేదు."

"ఆగస్టులోనే అయిపోయిందక్కా" చిలక ఒకటే వాగుడు. "అప్పట్నించి మీ ఒరలోనే పెట్టి దాచా. మీ చాకు మీ ఒరలోనే మీకివ్వాలని. తీసి చూసుకోవాలని ఎన్నిసార్లు అనిపించిందో, వేలిముద్రలు పడతాయని ముట్టుకోలేదు. తియ్యండక్కా, తియ్యండి."

గుండీ చుట్టూ ఆకుపచ్చగా చిలుం పట్టింది. చాకు ఒరలోంచి బయటికి రావడానికి లాగాల్సి వచ్చింది. పెద్ద బ్లేడు గోటికి లొంగలేదు. రెండోసారి లాగితే ఇసుకలో తెరుచుకున్నట్టు తెరుచుకుంది. బ్లేడు నిండా ఎర్రటి పొక్కులు. మూస్తే టక్ అనలేదు.

మామగారు చెయ్యి చాచారు. ఆ వణికే చేత్తోనే చాకు పట్టుకుని దాన్ని చూశారు, ఒరని చూశారు, తర్వాత నన్ను చూశారు. తీరిగ్గా చూశారు.

"తోలు సంగతి నీకెవరూ చెప్పలేదా అమ్మా?" అన్నారు చిలకతో. కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి.

"లేదు మామయ్యా. ఏం సంగతి?"

ఆయన చాకు మూసి బల్ల మీద పెట్టారు. "నేనే చెప్పాల్సింది" అన్నారు. "ముసలితనం. మర్చిపోయాను."

జూలై పద్నాలుగున చెప్పులు విప్పుకుంటూ అడిగిన మనిషి, మర్చిపోయానన్నారు.

చిలక ఏడ్చింది. నా వల్లే, నా వల్లే పాడైందక్కా, క్షమించండి అంది. నేను ఏం చేశానో రాస్తాను. దాని భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే, తుడిస్తే పోతుంది" అన్నాను. నా కొంగుతో దాని కళ్ళు తుడిచాను.

అక్టోబర్ 5

పోనీలే అన్నాను. నేను అన్నాను ఆ మాట.

అక్టోబర్ 8

మూడు రోజులుగా దుకాణంలో ఇదే పని. నూనెలో నానబెట్టి, సన్నటి ఇనుప పీచుతో రుద్ది, అగ్గిపుల్ల చెక్కి కీలులోని మడ్డి తీశాను. ఎరుపు పోయింది. గుంటలు పోలేదు, అవి పోవు. నలభై రెండేళ్ళ నీలం బూడిద రంగు అక్కడక్కడా మచ్చలుగా మిగిలింది. ఇప్పుడు మూస్తే టక్ మంటుంది, కొంచెం బొంగురుగా.

విరిగిన మూలని చిలక పళ్ళకి వాడే పదార్థంతో కట్టింది. పిడి రంగుకి ఎలా కలిపిందో, అతుకు ఎక్కడుందో గోటితో గీరి చూసినా తెలీదు. ఆ మూల కాస్త పల్లంగా ఉంది. పని మీద ఉండి ఊరికే పట్టుకున్నాను, నా బొటనవేలు వెళ్ళి ఆ పల్లంలో కూర్చుంది. అప్పుడు మైనపు ముద్ద గుర్తొచ్చింది.

మిషను ఆపి, తలుపు వేసి కూర్చున్నాను. తల్లిదండ్రులు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు నేను.

మామగారు నాతో మామూలుగానే మాట్లాడుతున్నారు. రెండు రోజులు మాట్లాడకపోయినా బాగుండేది.

అక్టోబర్ 11, ఆదివారం

"పెద్దమ్మాయ్, చిన్నమ్మాయ్, ఇద్దరూ రండి" అని పొద్దున్నే పిలిచారు. గదిలో సొరుగు తెరిచి ఉంది. గుడ్డలు, నూనె సీసా. చిలక నాకన్నా ముందే వచ్చి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. వారం రోజులుగా నా మొహం చూడటానికి భయపడుతోంది.

మామగారు నేను కుట్టిన ఒరని మధ్యలో పెట్టారు.

"తోలు సంగతి చిన్నదానికి తెలియాలి" అన్నారు. నా వైపు తిరిగారు. గొంతులో కోపం లేదు, క్షౌరశాల ఆయన వచ్చిన రోజు ఎలా అన్నారో అలాగే అన్నారు. "నువ్వు చెప్పు, పెద్దమ్మాయ్."

చెప్పాను. తోలు చెమ్మ తాగుతుంది, తాగింది ఒక పట్టాన వదలదు. పదును చేసినప్పటి మందులు అందులోనే ఉంటాయి. జేబులో తిరిగేటప్పుడు తోలు, ఇంటికి రాగానే నూనె గుడ్డ. ఒక్క ముక్క మర్చిపోలేదు.

చిలక వింటూ వింటూ ఒర వంక చూసింది. తర్వాత నా వంక.

"మీకు తెలుసా అక్కా ఇది?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

ఆయన కిటికీ వైపు చూస్తున్నారు. నా బదులు ఆయన చెప్పరు, ఈసారి చెప్పరు.

"పదకొండేళ్ళ నుంచి" అన్నాను. "కుట్టేటప్పుడూ తెలుసు. దాచుకో అన్నప్పుడూ తెలుసు. బీరువాలో పెట్టడం చూశాను. గోడ కూడా చూశాను."

చిలక నోరు తెరవలేదు. అది మాట్లాడితే తలనొప్పి అని నాలుగు నెలలుగా ఇందులో రాస్తున్నాను. ఈ రోజు ఒక్క మాట అనవే తల్లీ అని దండం పెట్టబుద్ధైంది. అది ఒక గుడ్డ తీసుకుని, దాని వంతు చాకు తుడవడం మొదలుపెట్టింది. తల ఎత్తలేదు. మెరుగుపెట్టిన ఆ పాత చాకే.

నేను నా గుడ్డ తీసుకున్నాను. మామగారు ఎవరి వైపూ చూడకుండా నూనె సీసా మా ఇద్దరి మధ్యకి జరిపారు. అరగంట తుడిచాం ముగ్గురం. లేచేటప్పుడు చిలక సీసా మూత వెతికి, బిగించి, నా వైపు పెట్టి వెళ్ళింది. అక్కా అని పిలవలేదు.

చాకు నూనె గుడ్డలో చుట్టి పెట్టాను.